రాగికి కొత్త చోటు

కిందటి వారం మనం రాగిని కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంట్ వెనక గేటు బయట, తోక ముడుచుకొని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, దాని అవస్థ ఇంకా తీరలేదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాగి ఐదేళ్ల ఆడకుక్క. ఏ జాతి అని ఎవరైనా అడిగితే పద్మావతమ్మ "మా జాతే" అని చెప్పి ఊరుకుంటుంది. ఒంటిరంగు తోమిన రాగిచెంబు రంగు కాబట్టి ఆ పేరు. పద్మావతమ్మది ప్రొద్దుటూరు. ఆమె కొడుకు భరత్, కోడలు అశ్విని రెండేళ్ల కిందట విడాకులు తీసుకున్నారు. అమ్మ కొడుకు వెంట పోతుందని చుట్టాలందరూ అనుకున్నారు. ఆమె మాత్రం పెట్టె సర్దలేదు. "తిన్నావా అని అడిగేవాళ్లు యాడుంటే నేనూ ఆడే" అని కోడలి ఇంట్లోనే ఉండిపోయింది. అశ్విని మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరూ, రాగీ.

ఆ అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లుంటే, కుక్క ఉన్నది వీళ్లకు ఒక్కళ్లకే. నలభై ఇళ్ల కళ్లూ ఆ ఒక్క కుక్క మీదే. కార్యదర్శి సీతారామయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ముందువైపు లాన్‌లో కొత్త గడ్డి వేయించి, ఇకమీదట రాగి కాలకృత్యాలు వెనక గేటు బయట, బండరాయి పక్కన, కానుగచెట్టు కింద ఉన్న మట్టిచోటులోనే జరగాలని నోటీసు పెట్టారు. ఐదేళ్లుగా లాన్‌లో ఒకే మూలకు అలవాటు పడిన ప్రాణి నోటీసులు చదువుతుందా? మూడుసార్లు గొలుసు విడిపించుకొని లాన్‌లోకే పరిగెత్తింది. మూడుసార్లూ సీసీ కెమెరాకు దొరికిపోయింది. ఆదివారం పది గంటల్లోపు కొత్త చోటు అలవాటు కాకపోతే, కుక్కను ఊరవతల ఏదైనా కుక్కల ఆశ్రమానికి పంపాలని కమిటీ తీర్మానించింది. ఇలాంటి తీర్మానం చెల్లుతుందో లేదో వకీలును అడిగితే చెప్తాడేమో గానీ, రోజూ లిఫ్టులో ఎదురయ్యే ముఖాలకు వకీలు జవాబు చెప్పలేడు కదా.

ఆ ఆదివారం ఇదే. టైము ఎనిమిదిన్నర. వారమంతా వీధి చివర ఎలాగో కానిచ్చుకున్నా, నిన్న సాయంత్రం ఐదు నుంచి రాగి ఎక్కడా ఒక్క చుక్క కూడా పోయలేదు.

"ఇంకొకసారి చూసొస్తా అత్తా" అంది అశ్విని గొలుసు తగిలిస్తూ.

"చూసిరా. ఉగ్గాని చేస్తాండా, వచ్చినాంక తిందువు" అంది పద్మావతమ్మ వంటింట్లోంచి. మోకాలి నొప్పి వల్ల కుక్క వెంట తిరిగే పని కోడలికే వదిలేసింది.

రాగి గడప ముందున్న సుద్దముక్క ముగ్గును ఎప్పటిలాగే తప్పించుకొని, గోడ వారగా లిఫ్టు దగ్గరికి నడిచింది. నడకలో హుషారు లేదు. పొట్ట బిగుసుకుపోయి ఉంది. నిన్న ఫోన్లో డాక్టరు, ఆదివారం మధ్యాహ్నం దాకా చూసి, అప్పటికీ పోయకపోతే తీసుకురమ్మన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా అశ్విని గడియారం చూసుకుంటోంది.

వారం రోజులుగా ఆమె చేయని ప్రయత్నం లేదు. వీడియోలు చూసి, ఆఫీసులో కొత్తవాళ్లకు పని నేర్పినంత ఓపిగ్గా నేర్పింది. రోజూ ఒకే వేళ, ఒకే గేటు, "పోసిరా" అని ఒకే మాట. జేబులో బిస్కెట్లు. అన్నిటికంటే ముఖ్యం వాసన అని ఆ వీడియోల్లో చెప్పారు. తన వాసన ఉన్న చోటే తనదని కుక్క నమ్ముతుందట. అందుకని అశ్విని ప్రతి సాయంత్రం లాన్‌లో రాగి పాతమూల నుంచి పిడికెడు తడిమట్టి కాగితంలో పొట్లం కట్టుకొని, దొంగలా తెచ్చి కానుగచెట్టు కింద పెట్టేది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ఆ మట్టి ఉండేది కాదు. చోటంతా ఊడ్చి, నీళ్లు చల్లి, ఫినాయిల్ వాసన గుప్పుమంటూ ఉండేది.

ఇవాళా అంతే. నేల తడితడిగా ఉంది. చుట్టూ ముగ్గు తెల్లగా మెరుస్తోంది. మెట్లు తుడిచే ఈ మల్లమ్మకు ఓపిక ఎక్కువే అనుకుంది అశ్విని, రోజూ అనుకున్నట్టే. గేటు అన్నాక ముగ్గుంటుంది. దాని గురించి ఆలోచించేదేముంది? ఆమె చూపంతా రాగి మీదే ఉంది. రాగి ఆ చోటు చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. ముక్కు చాచి, వెనక్కి తీసుకుంది. చివరికి కూర్చొని, సన్నగా మూలిగింది.

ఆ మూలుగుతో అశ్వినికి వారం రోజుల కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది. ఈ పని ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకుంది.

*

సీతారామయ్యగారు కింద ఆఫీసు గదిలో ఫైలు ముందేసుకొని కూర్చున్నారు. ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునే మనిషి. అశ్విని కుక్కతో సహా లోపలికి వచ్చి నిలబడింది.

"అంకుల్, మీకు రాగి ఇక్కడ ఉండటం ఇష్టం లేకపోతే నేరుగా చెప్పండి. గడువు ఇచ్చినట్టే ఇచ్చి, వెనక నుంచి ఇలా చేయడం న్యాయం కాదు."

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఎలా చేశానమ్మా?"

"నేను రోజూ సాయంత్రం దానికి అలవాటు కావాలని మట్టి తెచ్చి పెడుతున్నా. తెల్లారేసరికి ఎవరో ఊడ్చేసి ఫినాయిల్ చల్లుతున్నారు. ఆ వాసనకు మనిషే నిలబడలేడు, కుక్క ఎలా పోస్తుంది? నిన్న ఐదు నుంచి బిగబట్టుకొని ఉంది. దీనికేమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

సీతారామయ్యగారు రాగి వైపు చూశారు. రాగి ఆయన టేబుల్ కాలును వాసన చూసి, ఇష్టం లేనట్టు ముఖం తిప్పుకుంది. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

"అమ్మా, ఫినాయిల్ చల్లే తీరికే నాకుంటే ముందు మా బాత్రూమ్ కడిగేవాణ్నండి. మా ఆవిడ ఎంతో సంతోషించేది. మీ రాగి మీద నాకేం కక్ష లేదండి. కమిటీలో పదిమంది పది రకాలుగా మాట్లాడితే ఒక తేదీ పెట్టి ఆపాను. లేకపోతే పోయిన ఆదివారమే పంపించెయ్యమనేవారు."

"మరి ఎవరు చల్లారు?"

"నేనైతే కాదండి."

"మీరు కాకపోతే మీరు పంపినవాళ్లు."

గుమ్మం దగ్గర బకెట్ కింద పెట్టిన చప్పుడైంది. మల్లమ్మ నానక్‌రామ్‌గూడ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చి, మెట్లు, వరండాలు తుడిచే మనిషి. గుడ్డ పిండుతూ ఇంతసేపూ వింటూనే ఉంది.

"సార్ని ఎందుకంటవమ్మ" అంది. "ఆ జాగ కడిగేది మీ అత్తనే."

అశ్వినికి ముందు అర్థం కాలేదు. "ఎవరి అత్త?"

"మీ అత్తనే, పద్మావతమ్మ. నేను ఆరు గొట్టంగ వస్త. అప్పటికే ఆమె చేతిల చీపురుంటది. వద్దమ్మ, మోకాళ్లు నొస్తయి, నేను చేస్త అంటే ఇనది. ఫినాయిల్ సీసా గూడ మీ ఇంట్లదే. ఊడ్చి, చల్లి, చుట్టూ ముగ్గేసి పోతది. నీకు ఎరుకనే అనుకున్న."

సీతారామయ్యగారు కళ్లద్దాలు పెట్టుకొని ఫైలులోకి చూస్తూ కూర్చున్నారు. ఆ ఫైలు తలకిందులుగా ఉందని ఆయన గమనించలేదు. "నేను మిమ్మల్ని అనవసరంగా..." అని అశ్విని అనబోతే, "వెళ్లి రండమ్మా, టైమవుతోంది" అన్నారు. అశ్వినికి సిగ్గుతో ముఖం ఎర్రబడింది. కానీ ఆ సిగ్గు కంటే పెద్ద ప్రశ్న ఒకటి అప్పటికే గుండెల్లో పడింది. రాగిని వదిలించుకోవాలని చూస్తున్నది అత్తేనా?

*

పద్మావతమ్మ ఉగ్గానికి నానబెట్టిన బొరుగులను పిండి పళ్లెంలో వేస్తోంది. అశ్విని వంటింటి గుమ్మంలోనే ఆగింది.

"అత్తా, వెనక గేటు దగ్గర రోజూ కడుగుతున్నది నువ్వా?"

పద్మావతమ్మ చేతులు ఆగలేదు. "ఆ, నేనే. మల్లమ్మ చెప్పిందా? నోట్లో నువ్వుగింజ నానదు దానికి."

"ఎందుకు కడుగుతున్నావు?"

"ఎందుకేందమ్మా. కంపు కొడితే ఆ సీతారామయ్య ఊరుకుంటాడా? మళ్లా ఇంకో నోటీసు పెట్టడా? మన రాగి వల్ల ఎవురూ ముక్కు మూసుకోగూడదని కడుగుతాండా. ఎవురో రోజూ ఆడ గబ్బుమట్టి కూడా తెచ్చి పోస్తాండారు. అదీ ఎత్తి పారేస్తాండా."

అశ్వినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆ మట్టి పోస్తున్నది నేను అత్తా."

పద్మావతమ్మ అప్పుడు తల ఎత్తింది.

"రాగి వాసన ఉంటేనే రాగి పోస్తుంది. నేను సాయంత్రం పెట్టింది నువ్వు పొద్దున ఎత్తేస్తున్నావు. వారం నుంచి మనిద్దరం ఒకరి పని ఒకరు చెడగొట్టుకుంటున్నాం."

"నాకు ఒక మాట చెప్పచ్చు గదా."

"నువ్వు నాకు చెప్పావా?"

పొయ్యి మీద తాలింపు మాడిన వాసన వస్తే పద్మావతమ్మ చెయ్యి చాచి మంట ఆర్పింది.

"సరే, వాసన పోయిందనుకుందాం" అంది ఆమె నెమ్మదిగా. "లోపలికి పోయి, కాళ్లు పెట్టి, పోయకుండా వస్తాందా?"

"లోపలికే పోవడం లేదు. చుట్టూ తిరుగుతుంది. రెండుసార్లు, మూడుసార్లు తిరిగి బయటే కూర్చుంటుంది."

"చుట్టూ తిరుగుతాందా?"

"అవును. గీత గీసినట్టు ఆ అంచునే."

పద్మావతమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టి, వంటింటి పీట మీద కూర్చుండిపోయింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

"నేను ముగ్గేసినా గదా" అంది.

"అయితే?" అంది అశ్విని. ఆమెకు ఇంకా అందలేదు.

"ఆ చోటు దానిదేనని దానికి తెలియాలని నాలుగు పక్కలా గీతలు లాగి ముగ్గేసినా. ఇంతవరకూ నీది అని హద్దు పెడితే దానికి అర్థమైతాదనుకుంటి. అది పిల్లగా ఉన్నప్పుడు గడప కాడ ముగ్గు తొక్కితే ఎన్నిసార్లు చప్పట్లు కొట్టి గదిమినానో నీకు తెలీదా? ఆర్నెల్లు పట్టింది నేర్పనీకి. చచ్చినా ముగ్గు తొక్కదు అది. నేనే వద్దని నేర్పి, నేనే ముగ్గులోపల పోయమంటాండా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాత్రంతా బిగబట్టుకొని మూలిగింది. నాకు నిద్ర పట్టలా. నా వల్లేనమ్మా అది."

అశ్వినికి అత్త మీద అనుమానపడిన ఆ పది నిమిషాలూ గుర్తొచ్చాయి. పక్కన కూర్చొని ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత గడియారం చూసింది. తొమ్మిదీ ఐదు.

"లే అత్తా. ఏడవడానికి పది దాటాక బోలెడంత టైముంది" అంది.

*

మోకాలికి పట్టీ బిగించుకొని, కోడలి భుజం ఆసరాగా పద్మావతమ్మ వెనక గేటు దాకా వచ్చేసరికి పావుగంట పట్టింది. అశ్విని ఫోన్లో చెప్పడంతో మల్లమ్మ అప్పటికే పారతో పైమట్టి జానెడు లోతు తవ్వి, ఫినాయిల్ పట్టినదంతా తట్టకెత్తింది. ముగ్గును చీపురుతో ఊడ్చెయ్యబోతే పద్మావతమ్మ వద్దంది. కాలితో చెరపడానికీ మనసు రాలేదు. ఎలాగో వంగి, చేత్తోనే నాలుగు పక్కలా తుడిచింది. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఇగ వాసన మట్టి గావాలె" అంది మల్లమ్మ. "అది లాన్‌లనే ఉంటది. పొద్దుగాల్నే లాన్‌ల పార పెడితే సార్ ఊకుంటడా?"

సీతారామయ్యగారు చంకలో ఫైలుతో, చేతులు వెనక కట్టుకొని గేటు దగ్గరే ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"లాన్‌లో తవ్వకూడదండి. అది నేను రాసిన రూలే" అన్నారు. కొంచెం ఆగి, "నేనిప్పుడు ఈ కానుగచెట్టుకు చీడ పట్టిందేమో చూస్తాను. ఐదు నిమిషాలు పట్టొచ్చు. అటు తిరిగి ఉన్నప్పుడు ఇటు ఏం జరిగేదీ నాకు కనపడదు కదండీ" అని చెట్టు వైపు తిరిగి నిలబడ్డారు.

మల్లమ్మ పరిగెత్తి పోయి తట్టెడు మట్టి తెచ్చింది. దాన్ని మధ్యలో పోసి పరిచారు. అశ్విని గొలుసు వదులు చేసి, "పోసిరా" అంది.

రాగి ముక్కు ఆడించింది. నాలుగడుగులు ముందుకు వేసింది. అంతవరకు వచ్చి, ఇందాకటిదాకా ముగ్గు ఉన్న గీత దగ్గర ఠక్కున ఆగింది. అక్కడ ఇప్పుడు ఏ గీతా లేదు. అయినా దాని కళ్లకు ఉన్నట్టే ఉంది. అశ్విని బిస్కెట్ చూపించింది. అది బిస్కెట్ వైపు చూడలేదు. తిరిగి పద్మావతమ్మ ముఖంలోకి చూసింది. వద్దన్నది ఎవరో దానికి బాగా తెలుసు.

పద్మావతమ్మ చెప్పులు విడిచి, వట్టికాళ్లతో ఆ మట్టి మధ్యలోకి వెళ్లి నిలబడింది.

"దా" అంది. "నేనే చెప్తాండా గదా. గదమను. దా రాగీ."

రాగి ఒక కాలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. పద్మావతమ్మ చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ చాచి అలాగే నిలబడింది. రాగి రెండో కాలు పెట్టి, మూడోది, నాలుగోది పెట్టి, లాన్ మట్టిని ఆబగా వాసన చూసి, మూడు చుట్లు తిరిగి వెనక కాళ్లు వంచి కూర్చుంది.

కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్ల మోత తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత ఇంకో చప్పుడు మొదలైంది. అది ఎంతసేపటికీ ఆగలేదు. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసినా ఒక ధార కోసం ఇంతగా ఎదురుచూసింది లేదని సీతారామయ్యగారు తర్వాత ఇంటికెళ్లి భార్యతో ఒప్పుకున్నారు. అప్పటికి మాత్రం మర్యాదగా చూపు చెట్టు మీదే ఉంచి, చేతి గడియారం చూసుకొని, "తొమ్మిదీ యాభై రెండండి" అన్నారు.

రాగి లేచి, వెనక కాళ్లతో మట్టిని నాలుగు దిక్కులా చిమ్మి, ఒళ్లంతా దులుపుకుంది. ఒక్కసారిగా ఏడాది పిల్లలా చెట్టు చుట్టూ పరిగెత్తింది. మల్లమ్మ చిమ్మిన మట్టి చీరకు అంటినా పట్టించుకోకుండా పగలబడి నవ్వింది. అశ్విని బండరాయి మీద కూర్చొని ముఖం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. వారం రోజులుగా ఛాతీ మీద ఉన్న బరువు దిగిపోయింది. ఆకలేస్తోందని ఇప్పుడు గుర్తొచ్చింది. మాడిన తాలింపుతో అయినా సరే, రెండు పళ్లేల ఉగ్గాని తినగలదు.

"మీ ఇంటోళ్లు కుక్కకు గిట్ల పద్ధతులు నేర్పితే అది పరేషాన్ గాదా అమ్మ" అంది మల్లమ్మ. పద్మావతమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

సీతారామయ్యగారు ఫైలు తెరిచి ఒక కాగితం తీశారు. "ఇక అభ్యంతరం లేదండి. కమిటీకి నేను చెప్పుకుంటాను. ఈ కాగితం ఒక్కటి నింపితే సరిపోతుంది. కుక్క బాధ్యత తీసుకునేవారి పేరు ఒక్కరిదే రాయాలి. ఫ్లాట్‌లో శాశ్వతంగా ఉండేవారిదై ఉండాలండి. అశ్విని గారి పేరే కదా?"

అశ్విని లేచి పెన్ను కోసం చెయ్యి చాచింది.

"నా పేరు రాయండి సార్" అంది పద్మావతమ్మ. "పద్మావతి అని."

"మీరా? అశ్విని గారు ఉండగా..."

"ఈ యమ్మి వచ్చే నెల పూణె పోతాంది. పెద్ద ఉద్యోగం."

అశ్విని చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పూణె ఉద్యోగానికి ఒప్పుకొని ఇరవై రోజులైంది. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక, ఈ రెండేళ్లలో తనను ఒక్క పూట కూడా ఒంటరిగా వదలని మనిషితో ఆ మాట ఎలా అనాలో తెలియక, ఇవాళ చెప్తా, రేపు చెప్తా అని నెట్టుకొస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

"అత్తా, నీకెలా..."

"బాల్కనీలో నిలబడి ఫోన్లో మాట్లాడితే వంటింట్లోకి ఇనపడదనుకుంటాండావు. ఇరవై దినాల్నుంచి చూస్తాండా. రాగి ఒక్క రాత్రి బిగబట్టుకుంటే నువ్వు తల్లడిల్లిపోతివి. నువ్వు ఇన్ని దినాలు బిగబట్టుకొని తిరుగుతాంటే నాకెట్లుంటాది?" పద్మావతమ్మ గొంతులో కోపం లేదు. "నువ్వు పోయినాంక నాకు ఇంట్లో ఇదొకటన్నా ఉండాలని, తెల్లారకముందే ఈ మోకాళ్లతో వచ్చి కడిగినా. దాన్ని కూడా పంపిచ్చేస్తే నేను ఎవురికి తలుపు తీయాల?"

మల్లమ్మ తట్ట తీసుకొని మెల్లగా గేటు లోపలికి వెళ్లిపోయింది. రాగి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది.

సీతారామయ్యగారు పద్మావతి అని రాసి, తర్వాతి గడి దగ్గర ఆగారు. ఆయనకు ఇబ్బందిగానే ఉంది. కానీ ఖాళీ గడి వదిలే అలవాటు ఆయనకు లేదు.

"ఫ్లాట్‌లో ఉండేవారి సంఖ్య అని ఉందండి" అన్నారు, ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడకుండా. "ఒకటి అని రాయనా, రెండు అని రాయనా?"

పద్మావతమ్మ కోడలి వైపు చూసింది.